స్పీకరులో ఆ సద్దు ఎక్కడిది?

శివరాత్రి రోజుల్లో శ్రీకాళహస్తి వీధుల్లో నడిస్తే ఎటు తిరిగినా స్పీకరు పెట్టెలే. ఒకదానిలో భజన, ఒకదానిలో హరికథ, ఇంకొకదానిలో తప్పిపోయిన పిల్లవాడి కోసం పిలుపు. మీ ఊరి తిరునాళ్ళలోనూ, మీ బడి వార్షికోత్సవంలోనూ ఇదే వరస. ఒక పాట ఆగి మరో పాట మొదలయ్యే లోపల ఆ పెట్టెల వైపు ఒక్క క్షణం చెవి పెట్టండి. అన్నీ నిశ్శబ్దంగా ఉండవు. ఒకటి తుమ్మెదలా గుయ్ మంటూ ఉంటుంది. ఒకటి సన్నగా సుయ్ మంటుంది. మరొకటి నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపటమంటుంది. ఎవరైనా మైకు పట్టుకొని పెట్టె ముందుకు వచ్చారంటే చెవులు చిల్లులు పడేట్టు కూత పెడుతుంది.

చప్పుడును మా వైపు సద్దు అంటాం. ఎవరూ పాడకుండా, ఎవరూ మాట్లాడకుండా ఈ సద్దు ఎక్కడి నుంచి వచ్చింది? స్పీకరు తనకు అందిన విద్యుత్తునే శబ్దంగా మారుస్తుంది. కాబట్టి సద్దు వినిపించిందంటే, మనం పంపని విద్యుత్తు ఏదో ఒక దారిన లోపలికి చేరిందన్న మాట. ఆ దారిని కనిపెడితే సగం మరమ్మతు అయినట్టే. దానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. రెండు చెవులు, కొంచెం ఓపిక, మీరు తొమ్మిది, పది తరగతుల్లో చదివే భౌతికశాస్త్రం చాలు.

పెట్టె లోపల ఏముంది?

స్పీకరు ముందు భాగంలో గరాటు ఆకారంలో కాగితపు శంకువు ఉంటుంది. దాని వెనుక సన్నని రాగి తీగచుట్ట అతికించి ఉంటుంది. ఆ చుట్ట ఒక శాశ్వత అయస్కాంతపు ధ్రువాల మధ్య సందులో వేలాడుతుంది. చుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే అయస్కాంతం దానిని ముందుకో వెనక్కో నెడుతుంది. శంకువు కదులుతుంది, గాలిని కదిలిస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు కదిలితే అదే శబ్దపు పౌనఃపున్యం. ఈ రకం స్పీకరుకు నేటి రూపాన్ని 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఇచ్చారు. వందేళ్ళయినా సూత్రం మారలేదు.

ఒకప్పుడు మైకు సెట్టు అంటే ఆంప్లిఫయరు వేరు, స్పీకరు వేరు. ఇప్పుడు చాలా పెట్టెల్లో రెండూ కలిసే ఉంటాయి. గోడ సాకెట్టు నుంచి కరెంటు, మైకు నుంచో ఫోను నుంచో శబ్ద సంకేతం, రెండూ నేరుగా పెట్టెలోకే వెళతాయి. లోపల పవర్ సప్లై అనే భాగం 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును తగ్గించి, ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. దానితో ఆంప్లిఫయరు పని చేస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. మైకు ఇచ్చే సంకేతం కొద్ది మిల్లీవోల్టులే. స్పీకరును కదిలించడానికి ఆంప్లిఫయరు దానిని వేల రెట్లు పెంచాలి. పెంచేటప్పుడు ఇది పాట, ఇది సద్దు అని తేడా చూడదు. దారిలో కలిసిన చీమంత సద్దును కూడా ఏనుగంత చేసి వినిపిస్తుంది.

గుయ్ మనే సద్దు

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది. అంటే 50 హెర్ట్‌జ్. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా వినగలదు. 50 ఆ పరిధిలోనే ఉంది. కాబట్టి ఇంటి కరెంటు ఏ కొంచెమైనా శబ్ద సంకేతంలో కలిస్తే మన చెవికి తెలిసిపోతుంది.

ఇది రెండు విధాలుగా కలవవచ్చు. మొదటిది పెట్టె లోపలే. పాత రకం పవర్ సప్లైలో ట్రాన్స్‌ఫార్మరు తర్వాత డయోడ్లు ఏకాంతర విద్యుత్తును ఒకే దిశకు మళ్ళిస్తాయి. అలా వచ్చిన విద్యుత్తు దిశ మార్చదు కాని సెకనుకు 100 సార్లు లేచి పడుతూ ఉంటుంది. ఈ ఎగుడు దిగుళ్ళను చదును చేసేది పెద్ద కండెన్సరు. ఎత్తు వచ్చినప్పుడు విద్యుదావేశాన్ని దాచుకుంటుంది, పల్లం వచ్చినప్పుడు వదులుతుంది. మీ మిద్దె మీది నీళ్ళ తొట్టి లాంటిది. పంపులో నీళ్ళు వచ్చినా రాకపోయినా కుళాయి ఆగదు.

ఈ కండెన్సరు లోపల తడి రసాయనం ఉంటుంది. ఏళ్ళు గడిచే కొద్దీ, వేడికి, అది ఎండిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఎలక్ట్రానిక్సు వారి లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటే మా ప్రాంతంలో, ఎండలో పెట్టిన పెట్టెలో పరిస్థితి ఏమిటో మీరే ఊహించండి. ఎండిన కండెన్సరు తల ఉబ్బుతుంది, ఆవేశాన్ని దాచుకోలేదు. అప్పుడు 100 హెర్ట్‌జ్ గుయ్ మొదలవుతుంది.

రెండవది బయటి నుంచి, కేబుల్ ద్వారా. ఇది ఎక్కువగా 50 హెర్ట్‌జ్. సంగీతం నేర్చుకునే వారికి ఒక సులువు ఉంది. పౌనఃపున్యం రెట్టింపయితే స్వరం ఒక స్థాయి పైకి వెళుతుంది. లోపలి గుయ్, బయటి గుయ్ కంటే ఒక స్థాయి పైన ఉంటుంది. అలవాటైన మెకానిక్కులు పెట్టె మూత తీయకముందే ఈ తేడా పట్టేస్తారు. నేటి పెట్టెల్లో చాలావాటికి వేరే రకం పవర్ సప్లై ఉంటుంది. అది సెకనుకు వేల సార్లు స్విచ్చి వేసి తీసినట్టు పని చేస్తుంది. అలాంటి వాటిలో గుయ్ వినిపిస్తే ముందు బయటి దారినే అనుమానించాలి.

సగం సగంగా వెతకండి

డాక్టరు రోగిని ఒకటొకటిగా ప్రశ్నలు అడుగుతాడు. మనమూ అదే చేద్దాం. ఒక్కొక్క పరీక్షతో అనుమానించవలసిన భాగం సగానికి తగ్గిపోతుంది.

మొదటి ప్రశ్న: పెట్టెకు తగిలించిన సంకేతపు కేబుళ్ళన్నీ తీసేస్తే సద్దు ఉందా? ఉంటే లోపం పెట్టె లోపల. ఆగిపోతే లోపం బయట.

రెండవ ప్రశ్న: వాల్యూము తిప్పితే సద్దు పెరిగి తగ్గుతుందా? అలా అయితే అది వాల్యూముకు ముందు భాగంలో పుట్టింది. తిప్పినా మారకపోతే వాల్యూము తర్వాత, అంటే ఆంప్లిఫయరు చివరి భాగంలోనో పవర్ సప్లైలోనో పుట్టింది.

మూడవ ప్రశ్న: ల్యాప్‌టాప్ నుంచి పాట పెడుతున్నారా? దాని చార్జరు ప్లగ్గు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. సద్దు ఆగితే అది చార్జరు దారిన వచ్చింది.

నాలుగవ ప్రశ్న: కేబుల్‌ను అటూ ఇటూ కదిపితే సద్దు మారుతుందా? మారితే లోపల తీగ తెగి ఉంటుంది, లేదా అతుకు ఊడి ఉంటుంది. ఆ కేబుల్ పక్కనే కరెంటు తీగ ఉందేమో కూడా చూడండి. ఏకాంతర విద్యుత్తు పారే తీగ చుట్టూ మారే అయస్కాంత క్షేత్రం ఉంటుంది. మారే క్షేత్రంలో ఉన్న వలయంలో విద్యుత్తు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. రెంటినీ దూరంగా జరపండి. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబకోణంలో దాటించండి.

ఒక్క నియమం మాత్రం తప్పకండి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పని చేసిందో మీకు ఎప్పటికీ తెలియదు.

రెండు ఎర్తుల చిక్కు

కేబుళ్ళన్నీ కొత్తవి, పెట్టె కొత్తది, అయినా గుయ్ పోదు. ఇలాంటప్పుడు సాకెట్టుల వైపు చూడండి. మా ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాల వార్షికోత్సవంలో ఇదే జరిగింది. స్పీకరు పెట్టెలకు వేదిక పక్కన ఉన్న సాకెట్టు, మిక్సరుకు సుమారు 20 మీటర్ల దూరంలో సైన్సు గదిలోని సాకెట్టు వాడారు. రెంటికీ ఎర్తు ఉంది. కాని ఆ రెండు ఎర్తులు సరిగ్గా ఒకే పొటెన్షియల్‌లో లేవు. వాటి మధ్య కొంచెం తేడా ఉంది. పెట్టెనూ మిక్సరునూ కలిపే కేబుల్ మీది అల్లిక తీగ ఆ రెండు ఎర్తులకు వంతెన అయింది. గోడలోని తీగలు, ఈ అల్లిక కలిసి ఒక పెద్ద వలయం తయారయింది. అందులో 50 హెర్ట్‌జ్ విద్యుత్తు పారడం మొదలుపెట్టింది.

ఎంత పారి ఉంటుంది? 0.1 ఆంపియరు అనుకుందాం. అల్లిక నిరోధం 0.1 ఓము అనుకుందాం. ఓము నియమం ప్రకారం 0.1ని 0.1తో గుణిస్తే 0.01 వోల్టు, అంటే 10 మిల్లీవోల్టులు. మిక్సరు నుంచి వచ్చే పాట సంకేతం సుమారు 300 మిల్లీవోల్టులు. పాటలో ముప్పయ్యో వంతు గుయ్ కలిసిందన్న మాట. పాట జోరుగా సాగుతుంటే తెలియదు. ప్రార్థన గీతానికి ముందు అందరూ మౌనంగా నిలబడినప్పుడు బాగా తెలుస్తుంది.

మైకు సెట్టు తెచ్చిన మనిషి కటింగు ప్లయరు తీశాడు. మిక్సరు ప్లగ్గులోని పెద్ద పిన్ను పీకేయబోయాడు.

"ఆ పిన్ను లేకపోయినా ఆడతాది సార్. ఎప్పుడూ ఇట్లే చేస్తాం" అన్నాడు.

"ఆడతాది నాయనా. కాని పాడే బిడ్డ ప్రాణానికి కాపలా ఉండేది ఆ పిన్నే" అన్నాను.

ఈలోగా పదో తరగతి పిల్లలు ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు తెచ్చి, మిక్సరును కూడా వేదిక పక్క సాకెట్టుకే తగిలించారు. రెండు పరికరాలకూ ఎర్తు ఒకటే అయింది. గుయ్ ఆగింది. పిన్ను పిన్నుగానే ఉంది.

ప్రాణం తీసే వైద్యం

ఆ మనిషి చెప్పింది అబద్ధం కాదు. ఎర్తు పిన్ను తీసేస్తే వలయం తెగుతుంది, సద్దు నిజంగానే ఆగుతుంది. అందుకే ఈ అలవాటు ఊరూరా ఉంది. ప్రమాదం కూడా అందులోనే ఉంది.

మైకు లోహపు ఒళ్ళు కేబుల్ అల్లిక ద్వారా మిక్సరు లోహపు పెట్టెకు, అక్కడి నుంచి ఎర్తు పిన్నుకు కలిసి ఉంటుంది. మిక్సరు లోపల ఒక ఫేజు తీగ తొడుగు చిరిగి పెట్టెకు తగిలిందనుకోండి. ఎర్తు సరిగా ఉంటే విద్యుత్తు ఆ దారిన భూమిలోకి పోతుంది. ఫ్యూజు కాలిపోతుంది, లేదా రక్షణ స్విచ్చి పడిపోతుంది. ఎర్తు పిన్ను లేకపోతే ఏమవుతుంది? పెట్టె మీద, మైకు మీద 230 వోల్టులు నిలబడి ఉంటాయి. సద్దు ఉండదు, పొగ ఉండదు, ఏ గుర్తూ ఉండదు. చెప్పులు లేని కాళ్ళతో, నీళ్ళు చల్లిన నేల మీద నిలబడి పాడబోయే పిల్ల మైకును పట్టుకుంటుంది. అప్పుడు భూమికి దారి ఆ పిల్ల శరీరమే.

తడిసిన ఒంటి నిరోధం 1000 ఓముల దాకా పడిపోవచ్చు. 230ని 1000తో భాగిస్తే 0.23 ఆంపియరు, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. ఇళ్ళలో మనుషుల రక్షణ కోసం పెట్టే స్విచ్చిలు 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోయేట్టు తయారు చేస్తారు. దానికి ఇది ఏడు రెట్లకు మించి ఉంది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 1972 మే 3న వేల్స్‌లోని స్వాన్సీ నగరంలో లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు వేదిక మీద, ఎర్తు సరిగా లేని మైకును తాకి విద్యుద్ఘాతంతో చనిపోయాడు. వేల మంది కోసం వాయించే వృత్తి కళాకారుల వేదిక మీదే అలా జరిగితే, బడి వేదిక మీద ఎంత జాగ్రత్త ఉండాలి!

ప్లగ్గులో ఎర్తు పిన్ను మిగతా రెంటికంటే పొడవుగా, లావుగా ఉండడం మీరు గమనించే ఉంటారు. పొడవుగా ఉండడం వల్ల అది అన్నిటికంటే ముందు సాకెట్టును తాకుతుంది, అన్నిటికంటే చివర విడిపోతుంది. లావుగా ఉండడం వల్ల పొరపాటున ఫేజు రంధ్రంలోకి దూరదు.

పిన్ను ఉన్నంత మాత్రాన చాలదు. దాని రెండవ కొస నేలలో బాగుండాలి. భవనం పక్కన గుంత తీసి, లోహపు గొట్టమో పలకో పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు. తడి నేల విద్యుత్తును బాగా పోనిస్తుంది, ఎండిన నేల పోనివ్వదు. స్వర్ణముఖి ఇసుక తేలి, చేలు నెర్రెలిచ్చే వేసవిలో ఆ గుంత కూడా ఎండిపోతుంది. అందుకే అప్పుడప్పుడు దానిలో నీళ్ళు పోయాలి. మీ బడిలో ఎర్తు గుంత ఎక్కడుందో మీకు తెలుసా? రేపే అడిగి చూడండి.

తీసివేతతో వైద్యం

సాకెట్టు ఒకటే చేయడం కుదరకపోతే మరో రెండు మంచి దారులు ఉన్నాయి. ఒకటి, సంకేతపు దారిలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం. దాని రెండు చుట్టల మధ్య తీగ సంబంధం ఉండదు. పాట అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, ఎర్తు వలయం మాత్రం తెగిపోతుంది. కరెంటు ప్లగ్గు జోలికి పోనక్కరలేదు.

రెండవది మూడు పిన్నుల మైకు కేబుల్. ఇందులో సంకేతం రెండు తీగల్లో ఒకదానికొకటి వ్యతిరేకంగా పంపుతారు. ఒకదానిలో +5 అయితే రెండవ దానిలో -5. దారిలో బయటి నుంచి 3 సద్దు కలిసిందనుకోండి. పక్కపక్కనే మెలి తిరిగిన తీగలు కనుక రెంటిలోనూ సమానంగా కలుస్తుంది. ఇప్పుడు ఒకటి +8, రెండవది -2. చివర ఆంప్లిఫయరు ఒకదానిలో నుంచి రెండవది తీసేస్తుంది. 8లో నుంచి -2 తీస్తే 10. సద్దు లేకపోయినా 5లో నుంచి -5 తీస్తే 10 కదా! చిన్న తీసివేతతో సద్దు మాయమైంది.

మిగతా సద్దులు

కూత: మైకులోకి వెళ్ళిన శబ్దం స్పీకరు నుంచి వస్తుంది. ఆ శబ్దమే మళ్ళీ మైకులోకి దూరుతుంది, మళ్ళీ పెరిగి వస్తుంది. ఒక్కో చుట్టుకు కొంచెం కొంచెం పెరిగినా చాలు, కన్ను మూసి తెరిచేలోపల కూత అవుతుంది. మైకుకు స్పీకరు 3.4 మీటర్ల దూరంలో ఉంటే శబ్దానికి ఆ దూరం దాటడానికి పట్టేది సెకనులో వందో వంతే. డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్ లార్సెన్ పేరు మీద దీనిని లార్సెన్ ప్రభావం అంటారు. స్పీకర్లను మైకుకు ముందువైపు, సభ వైపు తిప్పి పెట్టాలి. మైకును నోటికి దగ్గరగా పట్టుకొని వాల్యూము తగ్గించాలి. చేత్తో మైకు తలను మూయకూడదు, మూస్తే కూత పెరుగుతుంది.

చిటపట: జాక్కులో తుప్పు, వాల్యూము లోపల దుమ్ము, ఊడిన అతుకు. కరెంటు తీసి, కాంటాక్టు క్లీనరు కొట్టి, వాల్యూమును పదిసార్లు తిప్పితే తరచు బాగవుతుంది. ఊడిన అతుకుకు మళ్ళీ టంకం పెట్టించాలి.

సుయ్: ఇది చాలావరకు ప్రకృతి ధర్మం. ఉష్ణోగ్రత ఉన్నంతవరకు నిరోధంలోని ఎలక్ట్రాన్లు ఊరుకోవు, కదులుతూనే ఉంటాయి. ఆ కదలికే అతి చిన్న వోల్టేజిగా వినిపిస్తుంది. దీనిని జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ లెక్కకట్టి 1928లో ప్రకటించారు. పూర్తిగా పోగొట్టలేం. మిక్సరులో సంకేతాన్ని తగినంత పెంచి, పెట్టె మీది వాల్యూము తగ్గిస్తే వినిపించనంతగా తగ్గుతుంది.

టక టక టక మనే తాళం: 2జీ పద్ధతిలో పనిచేసే ఫోను పక్కనుంటే వస్తుంది. ఆ ఫోను రేడియో తరంగాలను సెకనుకు సుమారు 217 తునకలుగా పంపుతుంది. ఫోనును రెండు మీటర్లు దూరం పెడితే చాలు.

గరగర: ఇదొక్కటే విద్యుత్తు దారిలో రానిది. శంకువు చిరగడం, తీగచుట్ట అయస్కాంతానికి రాసుకోవడం, పెట్టె మర వదులవడం దీనికి కారణాలు. చిన్న చిరుగును పల్చని కాగితం, జిగురుతో అతకవచ్చు. చుట్ట రాసుకుంటుంటే మెకానిక్కు చేత మార్పించాలి.

చేసి చూడండి

పాత రేడియోలోని విడి స్పీకరు ఒకటి, 1.5 వోల్టుల టార్చి సెల్లు ఒకటి తీసుకోండి. సెల్లు రెండు కొసలను తీగలతో స్పీకరు రెండు కొనలకు క్షణం పాటు తాకించండి. టక్ మంటుంది. శంకువు ముందుకో వెనక్కో జరగడం చూడండి. సెల్లును తిప్పి తాకిస్తే రెండవ వైపు జరుగుతుంది. ఏ శబ్దమూ లేకపోతే లోపల చుట్ట తెగిందన్న మాట. అలాగే శంకువును రెండు బొటనవేళ్ళతో అటూ ఇటూ సమానంగా, మెల్లగా నొక్కండి. గరగరమంటే చుట్ట రాసుకుంటోంది.

ఈ ప్రయోగం విడి స్పీకరుతోనే చేయండి. కరెంటుతో నడిచే పెట్టె మూత మీరు తీయవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కండెన్సరులో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. అది మెకానిక్కు పని. కాని "కేబుళ్ళు తీసినా గుయ్ పోలేదన్నా, వాల్యూము తిప్పినా మారలేదు" అని మీరు చెప్పగలిగితే, అతని సగం పని మీరే చేసి పెట్టినట్టు.

ఆలోచించండి

1. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఎర్తుల వలయం ఎందుకు ఏర్పడదు?

2. అమెరికాలో కరెంటు 60 హెర్ట్‌జ్. అక్కడ ఎండిన కండెన్సరు ఉన్న పాత ఆంప్లిఫయరు ఏ పౌనఃపున్యంతో గుయ్ మంటుంది?

3. మీ బడిలోని మైకు సెట్టు, ఫ్రిజ్, కంప్యూటర్ల ప్లగ్గులన్నిటికీ ఎర్తు పిన్ను ఉందా? పెద్దలను తోడు పెట్టుకొని, స్విచ్చి తీయించి చూసి, పిన్ను లేనివాటి జాబితా రాసి మీ ప్రధానోపాధ్యాయులకు ఇవ్వండి.